రెండు పిల్లలమర్రులు

సెలవుల్లో పిల్లలమర్రి చూసి రమ్మని హైదరాబాదులో ఎవరైనా సలహా ఇస్తే, "ఏ పిల్లలమర్రి?" అని అడగండి. పాలమూరు వాళ్లకి అది చెట్టు. నల్లగొండ వాళ్లకి గుళ్లున్న ఊరు. నేను రెండూ చూశాను.

మహబూబ్‌నగర్ పక్కనున్న మర్రికి ఏడువందల ఏళ్లంటారు. మూడెకరాల మేర పరుచుకుంది. దిగిన ఊడలే మానులై కొమ్మల్ని మోస్తున్నాయి. అసలు మొదలేదో ఎంత వెతికినా నాకు దొరకలేదు. పిల్లల సందట్లో తల్లి కనబడదు కదా! 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ విరిగిపడితే అందరూ కంగారుపడ్డారు. లోపల చెదలు! 2018లో ఆస్పత్రిలో రోగికి పెట్టినట్టే సెలైన్ సీసాలు వేలాడదీసి, చుక్కచుక్కగా చెదలమందు ఎక్కించారు. కొమ్మల కింద స్తంభాలు నిలబెట్టారు.

రెండోది సూర్యాపేట దగ్గర, పాత నల్లగొండ జిల్లాలో ఉంది. కాకతీయుల సామంతులైన రేచర్ల రెడ్లు అక్కడ గుళ్లు కట్టించారు. అందులో ఒకటి మాత్రం బేతిరెడ్డి భార్య ఎరకసాని 1208లో కట్టించింది. లోపలున్న స్వామి ఎరకేశ్వరుడు. భర్త పేరు కాదు, మామగారి పేరూ కాదు, దేవుడికి తన పేరే పెట్టుకుంది మహాతల్లి! ఎనిమిది వందల ఏళ్లుగా ఆ శివుణ్ణి ఎవరు పిలిచినా ముందు ఆమె పేరే నోట వస్తోంది.

మనమో? "బాబు వాళ్లమ్మా!" అని పిలిచినా పలికేస్తాం.

పదిమందికీ నీడనిచ్చే మర్రితనం మనకెలాగూ అలవాటే. ఈసారి సెలవులకి ఎరకసాని గుడికి కూడా వెళ్లి రండి.