చాటుగా మింగే గోలి

జనవరి 6, 2025, కరీంనగర్
మందుల చిట్టీని నాలుగు మడతలు పెట్టి పిడికిట్లో పట్టుకొని వస్తారు. మా మందుల షాపులో ఇంకెవరైనా ఉంటే వాళ్లు పోయేదాకా ఓ పక్కకు నిలబడతారు. రందికి, బుగులుకు వాడే ఎసిటాలోప్రామ్, సెర్ట్రాలిన్ కొనేవాళ్లలో సగం మంది ఇంతే. రందితో నిద్ర పడ్తలేదని ఇంట్లో చెప్పుకోగలిగిన మనిషి కూడా, దానికి గోలి మొదలుపెట్టానని మాత్రం చెప్పడు. ఈ మందుతో వచ్చే చిక్కుల్లో చాలావాటికి ఈ దాపరికమే మొదలని నాకు బలంగా అనిపిస్తున్నది.

జనవరి 11
సిరిసిల్లలో సాంచాల (మరమగ్గాల) మీద పనిచేసే ఆయన వచ్చాడు. గోలీలు మొదలుపెట్టి వారం కాలేదు. "అక్కా, ఇవి నాకు పడ్తలెవ్వు. కడుపుల తిప్పుతుంది, బుగులు ఇంకింత ఎక్కువైంది. బంద్ చేస్త."

మొదటి వారం, పది రోజులు చాలామందికి ఇట్లనే ఉంటుంది. వికారం, తలనొప్పి, కొందరికి దడ పెరగడం. అందుకే ఎసిటాలోప్రామ్‌ను చాలాసార్లు డాక్టర్లు 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి తర్వాత పదికి పెంచుతారు. ఇబ్బంది ముందే వస్తుంది, మేలు రెండు నుంచి నాలుగు వారాల తర్వాత మెల్లగా కనబడుతుంది. పూర్తి గుణం తెలియడానికి ఆరు వారాలైనా పట్టొచ్చు. ఈ సంగతి చిట్టీ మీద ఎవరూ రాయరు. తిన్నంక వేసుకొమ్మని, ఎట్లున్నదో డాక్టరుకు ఇవ్వాళే ఫోన్ చేసి చెప్పమని అన్నాను. ఇంట్లో తెలుసా అంటే తల అడ్డంగా ఊపాడు. బుగులుతో ఆయన రాత్రంతా కూచునే ఉంటే భార్యకు ఏమని అర్థం కావాలె?

జనవరి 28, ఆదిలాబాద్
చలి ఎముకలు కొరుకుతున్నది. ఈ రాత్రి కేస్లాపూర్‌లో గోండుల నాగదేవత నాగోబాకు మెస్రం వంశస్థుల మహాపూజ, బస్సులన్నీ అటే పోతున్నయి. నేను పెద్దమ్మ దగ్గర ఉన్నాను.

పెదనాన్న పోయినంక ఆమె తిండి మానేసింది, మాట తగ్గించింది. డాక్టరు ఎసిటాలోప్రామ్ రాశాడు. రెండు వారాలకు మత్తుగా పడుకోవడం, అడిగినదానికి పొంతన లేని జవాబు. వయసు మీదపడిందని అందరూ అనుకున్నారు. రిమ్స్ దవాఖానలో రక్తపరీక్ష చేయిస్తే సోడియం బాగా పడిపోయింది. బీపీకి ఏండ్లుగా మూత్రం ఎక్కువచేసే గోలి వాడుతున్నది, ఆ సంగతి కొత్త డాక్టరుకు చెప్పలేదు. ఎసిటాలోప్రామ్ సంగతి బీపీ డాక్టరుకూ చెప్పలేదు. పెద్దవాళ్లలో ఈ రెండూ కలిస్తే సోడియం పడిపోయే అవకాశం ఎక్కువ. మందు మార్చారు, ఇప్పుడు మనుషుల్ని గుర్తుపడుతున్నది, టీలో చక్కెర తక్కువైందని గొణుగుతున్నది. నాకు ప్రాణం లేచివచ్చింది.

ఉట్నూరు వైపు గోండి, కొలామి మాత్రమే వచ్చిన ముసలివాళ్లకు ఈ ముచ్చట వాళ్ల భాషలో ఎవరు చెప్తున్నారు?

ఫిబ్రవరి 14, కరీంనగర్
బీడీలు చుట్టే ఆమెకు నడుంనొప్పి. ఆరెంపీ డాక్టరు దగ్గర సూది, గోలీలు తీసుకున్నది. సెర్ట్రాలిన్ వాడుతున్నట్టు ఆయనకు చెప్పలేదు, సిగ్గట. ఈ మందులతోపాటు డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటి నొప్పి మందులు రోజూ పడితే కడుపులో రక్తస్రావం జరగొచ్చు. ట్రమడాల్ కలిస్తే ఇంకా ముప్పు: వణుకు, చెమటలు, జ్వరం, కండరాలు అదరడం. అట్లా కనబడితే ఆలస్యం చేయకుండా దవాఖానకే. ఆమె పర్సులో పెట్టుకోవడానికి వాడే మందుల పేర్లన్నీ ఒక కాగితం మీద తెలుగులో రాసిచ్చాను.

మార్చి 4
కొండగట్టు అంజన్న మాల వేసుకున్న పిల్లగాడు, మంచి ఉద్యోగం. దీక్షలో ఉన్నన్ని రోజులు గోలి ఆపేస్తానంటాడు. బాగైంది కదా అని కూడా. బాగైంది గోలి వల్లనే తమ్మీ అన్నాను. ఒక్కసారిగా ఆపితే కళ్లు తిరగడం, చిరాకు, తలలో కరెంటు కొట్టినట్టు ఉండడం, పాత రంది తిరిగి రావడం. మనసు కుదుటపడ్డాక కూడా ఆరు నుంచి తొమ్మిది నెలలు వాడి, ఆ తర్వాత డాక్టరు చెప్పినట్టు వారాల తరబడి తగ్గించుకుంటూ మానేయాలె. ఒక పూట మరిచిపోతే మర్నాడు రెండు వేసుకోకూడదు. కొండగట్టు స్వామి కోసం 41 రోజులు నియమంగా ఉండగలిగిన ఓపిక మన మనుషులకున్నది. మందు దగ్గర ఆ ఓపిక ఎందుకు చాలదో నాకు నిజంగా అంతుపట్టదు.

మార్చి 19
కల్లు. అడగకుండా ఉండలేను, అడిగితే వాళ్లకు కోపం. మా వైపు కల్తీ కల్లులో ఆల్ప్రాజోలం, డైజిపామ్ లాంటి మత్తుమందులు కలుపుతారని అందరికీ తెలుసు. ఎసిటాలోప్రామ్‌తో క్లోనజిపామ్ కలిపిన గోలి కూడా ఇక్కడ బాగా రాస్తారు. క్లోనజిపామ్ వేసుకున్న పూటే నెమ్మది చేస్తుంది కాబట్టి దాన్నే నమ్ముకుంటారు, నెలల తరబడి అలవాటు పడతారు. పైన కల్లు తాగితే మత్తు మీద మత్తు, ఊపిరి మందగిస్తుంది. అట్లని రోజూ తాగేవాళ్లు ఉన్నట్టుండి మానినా ఫిట్స్ రావచ్చు. అందుకే ఎంత తాగుతున్నదీ డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పాలె. క్లోనజిపామ్, ఆల్ప్రాజోలం అమ్మితే మేము పేరు, డాక్టరు, లెక్క రిజిస్టరులో రాసి మూడేండ్లు దాచాలె. చిట్టీ లేకుండా ఇవ్వనంటే కొట్లాటకు వచ్చేవాళ్లున్నారు. అయినా ఇవ్వను.

ఏప్రిల్ 2
జగిత్యాల అతను దుబాయ్ పోతున్నాడు. గోలీలను కవరులోంచి తీసి బట్టల మధ్య పెట్టుకుంటాడట. వద్దన్నాను. అక్కడ క్లోనజిపామ్, ట్రమడాల్ లాంటివాటికి ముందుగా ఆరోగ్యశాఖ అనుమతి తీసుకోవాలె. అసలు పెట్టె, డాక్టరు చిట్టీ చేతిలో ఉండాలె. ఊరివాళ్లు ఇచ్చే పార్సిల్‌లో ఏమున్నదో విప్పి చూడకుండా తీసుకపోవద్దు.

ఏప్రిల్ 23
నిన్న ఇంటర్ ఫలితాలు. ఒక తల్లి వచ్చింది, బిడ్డకు ఈ వారమే ఇదే రకం మందు ఫ్లూఆక్సెటిన్ రాశారు. "పిల్లలకు ఇది ప్రమాదమట గదా?" అని కండ్లనీళ్లు పెట్టుకున్నది.

ఉత్తగనే పుట్టిన భయం కాదు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2004లో పిల్లల విషయంలో హెచ్చరిక పెట్టించింది, 2007లో దాన్ని 24 ఏండ్ల దాకా పొడిగించింది. మొదలుపెట్టినప్పుడు, మోతాదు మార్చినప్పుడు కొందరిలో చచ్చిపోవాలనే ఆలోచనలు పెరగొచ్చు. అట్లని వైద్యం మానేస్తే జబ్బు దాని పని అది చేసుకుపోతుంది. గోలీల షీటు తన దగ్గరే ఉంచుకొని రోజుకొకటి ఇవ్వమన్నాను. ఒకచోట కుదురుగా కూర్చోలేకపోయినా, మాట తేడాగా ఉన్నా, నిద్ర లేకుండా విపరీతమైన హుషారు వచ్చినా ఆ రోజే డాక్టరుకు చెప్పమన్నాను. చావు మాట వస్తే ఒంటరిగా వదలకుండా నేరుగా దవాఖానకు తీసుకపోవాలె. అడగడానికి ఎవరూ దొరకని వేళ 14416, టెలీ మానస్. 2022 నుంచి నడుస్తున్నది, పైస ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. నంబరు ఆమె ఫోన్‌లో నేనే ఎక్కించాను. మార్కుల సంగతి బిడ్డను ఇప్పుడు అడగొద్దని కూడా చెప్పాను. మొదటి నెల రాత్రిళ్లు బిడ్డ దగ్గర ఎవరో ఒకరు పడుకోవాలంటే, వాళ్ల అమ్మమ్మను పిలిపిస్తానన్నది.