ఖాళీ ఉంది.. కానీ మనకి కాదు

ఇదేదో లైనక్స్ పాఠం అనుకుని పారిపోకండి. పాఠం కొంచెం ఉంది, కానీ అసలు సంగతి నేను ఒక మనిషిని అందరి ముందూ తప్పు పట్టడం. చెప్పుకోడానికి సిగ్గుగానే ఉంది, అయినా చెప్పేస్తే కాస్త బరువు తగ్గుతుందని రాస్తున్నా.

ఆ మధ్య ఒక రాత్రి రెండింటికి ఫోన్ మోగింది. మా సర్వర్లు చూసుకునే అడ్మిన్ అన్న. నాకంటే పదేళ్ళు పెద్ద, కాంట్రాక్టు మీద నైట్ షిఫ్టు చేస్తాడు. "తమ్మీ, డేటాబేస్ ఆగిపోయింది. డిస్కు ఫుల్లయిందంటుంది" అన్నాడు.

సగం నిద్రలోనే లాప్‌టాప్ తెరిచి, నేనే రాసిన మానిటరింగ్ ప్రోగ్రాం చూశా. 500 జీబీ పార్టిషన్లో 25 జీబీ ఖాళీ. "పాతిక జీబీ ఖాళీ ఉందన్నా, డిస్కు కాదు, ఇంకేదో చూడండి" అన్నా.

"డీఎఫ్ కొడితే నూటికి నూరు చూపిస్తుంది తమ్మీ."

"వేరే పార్టిషన్ చూస్తున్నారేమో."

ఆయన ఇంకేం వాదించలేదు. పాత లాగ్ ఫైళ్ళు కొన్ని వేరే డిస్కులోకి మార్చి, డేటాబేస్ మళ్ళీ స్టార్ట్ చేశాడు. అది లేచింది. నలభై నిమిషాలు సర్వీసు పోయింది.

పొద్దున్న మీటింగులో నా గ్రాఫ్ పెట్టా. గీత గీసినట్టు 5 శాతం ఖాళీ. "మరి ఫైళ్ళు మారిస్తే ఎలా లేచింది?" అని ఎవరో అడిగారు. "రీస్టార్ట్ చేశారు కాబట్టి లేచింది" అన్నా, చాలా తెలిసినవాడిలా. రిపోర్టులో "డిస్కు నిండిందని పొరబడి సమయం వృథా చేశారు" అని పడింది. రాసింది మేనేజరే గానీ, ఆ మాట అందించింది నేను. అన్న ఫోన్ లైన్లో ఉన్నాడు, ఏమీ అనలేదు.

రెండు రోజులాగి పట్టపగలే మళ్ళీ అదే గొడవ. ఈసారి నేనే డేటాబేస్ యూజరుగా లాగినై, ఒక చిన్న ఫైలు రాయబోయా. "నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్" అంది! పక్క విండోలో నా ప్రోగ్రాం మాత్రం 5 శాతం ఖాళీ అంటోంది. అప్పుడు తట్టింది. మొన్న కూడా సరిగ్గా 5 శాతమే. ఒకసారైతే యాదృచ్ఛికం అనుకోవచ్చు, రెండుసార్లూ అదే అంకె ఎందుకొస్తుంది?

ఇక పాఠం. ఒక ఫైల్ సిస్టంలో ఎంత చోటుందో తెలుసుకోవాలంటే లైనక్స్‌లో స్టాట్‌ఎఫ్ఎస్ అనే సిస్టం కాల్ ఉంది. సీలో గానీ పైథాన్‌లో గానీ మనం మామూలుగా పిలిచేది స్టాట్‌వీఎఫ్ఎస్. మౌంట్ అయి ఉన్న చోట ఏదో ఒక పాత్ ఇస్తే ఒక స్ట్రక్చర్ నింపి ఇస్తుంది. అందులో మొత్తం బ్లాకులు ఒకటి. ఆ తర్వాత "ఖాళీ" కి రెండు అంకెలుంటాయి. ఎఫ్-బీ-ఫ్రీ అంటే ఖాళీగా ఉన్న బ్లాకులన్నీ. ఎఫ్-బీ-అవెయిల్ అంటే రూట్ కాని మామూలు యూజర్లకి దక్కే బ్లాకులు. నేను మొదటిది తీసుకున్నా. పేరులోనే ఫ్రీ అని ఉంది కదా, మ్యాన్ పేజీలో రెండో లైను చదివేంత ఓపిక ఎవరికుంటుంది!

ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టం తయారుచేసేటప్పుడు, మనం వేరే చెప్పకపోతే, 5 శాతం బ్లాకుల్ని రూట్ కోసం పక్కన పెట్టేస్తుంది. డిస్కు నిండిపోయినా రూట్ కింద నడిచే సర్వీసులు ఆగకుండా ఉండాలని, ఫైళ్ళు మరీ ముక్కలుచెక్కలు కాకుండా ఉండాలని. ఇదేమీ కొత్తది కాదు, 1980ల నాటి బర్కిలీ యూనిక్స్ ఫైల్ సిస్టంలోనే ఇలా కొంత చోటు అట్టిపెట్టేవారు. మా డేటాబేస్ రూట్ కాదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నట్టు, పాతిక జీబీ కళ్ళముందే ఉంది, ఒక్క బైటు కూడా దానికి దక్కదు.

డీఎఫ్ మాత్రం ఈ సంగతి ఎరిగే లెక్క కడుతుంది. వాడినది 475, దక్కేది సున్నా. వాడినదాన్ని ఈ రెండింటి మొత్తంతో భాగిస్తే నూటికి నూరు. అన్న చెప్పింది అక్షరాలా నిజం.

ఇంకా ఘోరం ఏంటంటే, ఖాళీ 3 శాతం కంటే తగ్గితే అలర్ట్ వచ్చేలా పెట్టా నేను. డేటాబేస్ ఎంత రాసినా నా లెక్కలో ఖాళీ 5 శాతం దగ్గరే ఆగిపోతుంది, అంటే ఆ అలర్ట్ జన్మలో రాదు. మరి టెస్ట్ చేయలేదా అంటారేమో. చేశా, నా మెషీన్లో డిస్కంతా నింపి చూశా, అలర్ట్ ఠంచనుగా వచ్చింది. నింపింది రూట్‌గా! రూట్‌కి ఆ 5 శాతం కూడా దక్కుతుంది కదా. తాళం చెవి చేత్తో పట్టుకుని తలుపు తీసి, ఊళ్ళో అందరికీ తలుపు తీసే ఉందనుకున్నా.

సరిచేయడానికి పట్టింది ఒక్క పదం, ఫ్రీ తీసి అవెయిల్ పెట్టడం. పనిలో పనిగా ఐనోడ్ల లెక్క కూడా చేర్చా, ఎందుకంటే లక్షల చిన్న ఫైళ్ళుంటే చోటున్నా ఐనోడ్లు అయిపోయి కొత్త ఫైలు పుట్టదు. అలాగే ఎన్ఎఫ్ఎస్ మౌంట్లకి వేరే థ్రెడ్డు పెట్టా. అవతల సర్వర్ పడిపోతే ఈ కాల్ జవాబు కోసం అలా వేలాడుతూనే ఉంటుంది, దాంతో పాటు మన ప్రోగ్రామూ.

ఒక్క పదం మార్చడానికి నిమిషం పట్టింది. మెయిల్ రాయడానికి మాత్రం సాయంత్రం దాకా పట్టింది. "తప్పు నా ప్రోగ్రాందే, ఆయన మొదటి నిమిషంలోనే కారణం సరిగ్గా చెప్పారు" అని అందరికీ పంపి, రిపోర్టులో ఆ వాక్యం తీయించా. రాత్రి షిఫ్టు మొదలయ్యాక అన్నకి ఫోన్ చేసి సారీ చెప్పా. "అంకెలు తప్పు చెప్పవు గానీ తమ్మీ, ఏ అంకె అడిగినవో చూసుకోవాలె" అని నవ్వేశాడు. ఆ నవ్వు కంటే నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

ఆయన ఎర్రర్ మెసేజ్ చూసి మాట్లాడాడు, నేను నా గ్రాఫ్ చూసుకుని మాట్లాడాను. మీటింగులో అందరూ గ్రాఫ్‌నే నమ్మారు, ఎందుకంటే అది పర్మనెంటు ఉద్యోగి గీసిన గ్రాఫ్. అందరి ముందు అన్న మాట ఒక మెయిల్‌తో పూర్తిగా చెరిగిపోతుందా అంటే, పోదనే అనుకుంటా.

మీ మానిటరింగ్ స్క్రిప్టుల్లో ఏ ఫీల్డు వాడారో ఒకసారి తెరిచి చూసుకోండి. రాత్రి రెండింటికి ఎవరైనా ఫోన్ చేసి డిస్కు నిండిందంటే, ముందు వాళ్ళ మాట వినండి.