అమ్మకు కళ్ళు తిరగకుండా

నేను చదివింది బి.కాం. చేస్తున్నది బ్యాంకు ఉద్యోగం. యంత్రాలంటే నాకు భక్తే తప్ప పరిచయం లేదు. ఇంట్లో మిక్సీ మొరాయిస్తే మా శ్రీమతి నాకు చెప్పకుండానే మెకానిక్కుకి ఫోను చేస్తుంది. అలాంటివాణ్ణి, కళ్ళకి తగిలించుకుని చూసే వి.ఆర్. హెడ్‌సెట్‌తో మూడు వారాలు కుస్తీ పట్టానంటే మా ఆఫీసులో ఎవరూ నమ్మలేదు. మీరైనా నమ్ముతారని రాస్తున్నాను.

మా అమ్మకి డెబ్భై ఏడేళ్ళు. ఆవిడ పుట్టిల్లు సోంపేట దగ్గర ఉద్దానంలో ఒక పల్లె. పంతొమ్మిదో ఏట పెళ్ళయి బరంపురం కాపురానికి వచ్చింది. బజారులో ఒడియా, వంటింట్లో తెలుగు. మన పత్రిక చదివేవారికి ఇది వేరే చెప్పక్కర్లేదు. పుట్టింటికీ మెట్టినింటికీ మధ్య రాష్ట్రాల సరిహద్దు ఒకటుందన్న సంగతి ఆవిడ ఏనాడూ పట్టించుకోలేదు. పొద్దున్న రైలెక్కితే మధ్యాహ్నం భోజనానికి అక్కడ ఉండేది.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి తోటలు నేలకొరిగాయి. మా మేనమామగారి ఇంటి పెంకులూ లేచిపోయాయి. అప్పటికే మామయ్య లేడు, పిల్లలు తలో ఊళ్ళో స్థిరపడ్డారు. పైన రేకులు వేయించి తాళం పెట్టారు. రెండేళ్ళ క్రితం అమ్మకి తుంటి ఎముక విరిగింది. ఆపరేషను బాగానే జరిగింది గానీ, వాకరు పట్టుకుని మంచం దగ్గర్నుంచి హాలు దాకా, హాల్లోంచి మంచం దాకా, అంతే ఆవిడ ప్రయాణం.

కిందటి దసరా ముందు మా బావ ఫోను చేశాడు. "వాటాలు తేలిపోయాయి. సంక్రాంతి వెళ్ళాక ఇల్లు పడగొట్టిస్తున్నాం. అత్తతో ఎలా చెబుతావో నువ్వే చెప్పు" అన్నాడు. చెప్పాను. అమ్మ ఏమీ అనలేదు. రాత్రి మందులు ఇస్తుంటే మాత్రం, "ఒక్కసారి తీసికెళతావా బాబూ?" అంది. "చూద్దాం" అన్నాను. ఇవ్వడం కుదరని అప్పు అడిగినవాళ్ళతో నేను ముప్ఫై ఏళ్ళుగా అంటున్న మాట అదే. అమ్మకీ తెలుసు.

మా అబ్బాయి బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. సెలవులకి వచ్చినప్పుడు ఈ సంగతి విని, మర్నాడే ఆ ఊరు వెళ్ళి వచ్చాడు. చుట్టూ నాలుగు దిక్కులా ఒకేసారి తీసే చిన్న కెమేరా వాడి దగ్గరుంది. దాన్ని కర్రకి బిగించి వీధి అరుగు మొదలు పెరట్లో నుయ్యి దాకా పన్నెండు నిమిషాలు తీశాడు. "మామ్మా, నువ్వు వెళ్ళక్కర్లేదు, ఇల్లే నీ దగ్గరికొస్తుంది" అని హెడ్‌సెట్ ఆవిడ కళ్ళకి పెట్టాడు.

రెండు నిమిషాలు గడవలేదు. "తియ్యరా బాబూ, కళ్ళు తిరుగుతున్నాయి" అంది. వాంతి అయింది. వాడికి ఆ రాత్రే రైలు. పెట్టె ఇంట్లోనే వదిలి, మొహం వేలాడేసుకుని వెళ్ళాడు. మర్నాడు నేను అడిగితే, "చూశానుగా, బాగుంది" అంది అమ్మ. ఆవిడ అబద్ధం ఆడితే నాకు ఇట్టే తెలుస్తుంది.

నేనూ పెట్టుకుని చూశాను. ఇల్లు కనిపిస్తోంది, కానీ బొమ్మ నత్తివాడి మాటలా ఆగి ఆగి నడుస్తోంది. బ్యాంకులో చిట్టా కుదరనప్పుడు ఏం చేస్తామో అదే చేద్దామనుకున్నాను. పాత డైరీ ఒకటి తీసి, ఒకసారికి ఒకే మార్పు చేసి ఫలితం రాసుకోవడం మొదలుపెట్టాను. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.

ముందు ఫోనులో మా వాడి దగ్గర పాఠం చెప్పించుకున్నాను. సినిమాకి సెకనుకు 24 బొమ్మలు చాలు. హెడ్‌సెట్‌కి చాలవు. సినిమా హాల్లో మనం తల తిప్పినా తెర దాని చోటే ఉంటుంది. ఇక్కడ తల ఎటు తిరిగితే అటు దృశ్యం వెంటనే మారాలి. తల తిరిగిందని లోపలి చెవిలో ఉండే తూకపు అవయవం మెదడుకి చెబుతుంది. కన్ను అదే మాట అదే క్షణంలో చెప్పాలి. ఆ రెండు పద్దులూ సరిపోకపోతే వికారం. అందుకే 2016లో అమ్మకానికి వచ్చిన ఓకులస్ రిఫ్ట్, హెచ్.టి.సి. వైవ్ రెండూ సెకనుకు 90 సార్లు బొమ్మ మార్చేవే. 90 అంటే ఒక్కో బొమ్మకి దక్కే వ్యవధి 11.1 మిల్లీ సెకన్లు. ఆ లోపల బొమ్మ సిద్ధం కాకపోతే, క్లియరింగు వేళ దాటి వచ్చిన చెక్కు గతే. యంత్రం పాత బొమ్మనే సర్ది మళ్ళీ చూపిస్తుంది. మనకి తడబాటు కనిపిస్తుంది.

మొదటి అనుమానం వైఫై మీద. వీడియో లాప్‌టాప్‌లో ఉంది, అక్కడి నుంచి గాలిలో హెడ్‌సెట్‌కి వస్తోంది. రూటరు ముందు గదిలో, అమ్మ మంచం రెండు గోడల అవతల. ఆ వీడియో సెకనుకు 100 మెగాబిట్లు అడుగుతుందట. ఎనిమిదితో భాగిస్తే సెకనుకు 12.5 మెగాబైట్లు, పన్నెండు నిమిషాలకి 9 గిగాబైట్లు. అంత సరుకు మా ఇంటి గోడల్లోంచి ఆగకుండా రావడం కష్టమే. వైరు తగిలించి మొత్తం ఫైలుని హెడ్‌సెట్‌లోకే ఎక్కించాను. మధ్యమధ్య పూర్తిగా ఆగిపోవడం తగ్గింది. సన్నటి వణుకు మాత్రం ఉండిపోయింది.

వీడియో చూపించే ఆప్‌లో రిఫ్రెష్ రేటు అని ఒక సెట్టింగు ఉంది. 72, 90, 120 అని మూడు అంకెలు. అప్పటికి 72 మీద ఉంది. ఎక్కువ ఉంటే మంచిదేగా అని 120 పెట్టాను. పెట్టె నుదుటి మీద వేడెక్కింది, బ్యాటరీ చకచకా దిగింది, వణుకు బదులు కుదుపులు మొదలయ్యాయి. 120 అంటే ఒక్కో బొమ్మకి 8.3 మిల్లీ సెకన్లే. ఈ బరువైన వీడియోతో మా పెట్టెకి ఆ వాయిదా కట్టే స్తోమత లేదు. మళ్ళీ 72కి దించాను. కుదుపులు పోయి పాత వణుకు వచ్చింది.

ఇక్కడ వారం రోజులు చిక్కుకుపోయాను. డైరీ తిరగేస్తుంటే ఒక సంగతి కనిపించింది. మా వాడు నిలబడి తీసిన చోట ఎంత తల తిప్పినా వణుకు లేదు. వాడు నడుస్తూ తీసిన చోటే గుమ్మాలూ స్తంభాలూ వణుకుతున్నాయి. అంటే తప్పు తల తిప్పడంలో లేదు, వీడియోలోనే ఏదో ఉంది. వాడికి ఫోను చేసి, "నువ్వు సెకనుకు ఎన్ని బొమ్మల చొప్పున తీశావురా?" అని అడిగాను. "ముప్ఫై నాన్నా" అన్నాడు.

మా రోజుల్లో ట్రయల్ బ్యాలెన్సు కుదరకపోతే పెద్ద గుమాస్తాలు తేడాని ముందు తొమ్మిదితో భాగించి చూడమనేవారు. నిశ్శేషంగా పోతే 54ని 45గా రాసినట్టు అంకెలు ఎక్కడో తారుమారై ఉంటాయని అనుమానించేవారు. ఆ అలవాటు కొద్దీ 72ని ముప్ఫైతో భాగించాను. 2.4 వచ్చింది. బొమ్మని రెండుసార్లు చూపించవచ్చు, మూడుసార్లు చూపించవచ్చు, రెండు పాయింటు నాలుగు సార్లు ఎలా చూపిస్తుంది? అందుకని ఒక బొమ్మ రెండుసార్లు, తర్వాతిది రెండుసార్లు, ఆ పైది మూడు, మళ్ళీ రెండు, మళ్ళీ మూడు. అయిదు బొమ్మలకి పన్నెండు వంతులు, అవి సమానంగా పంచుకోవు. వణుకంతా అదే. సినిమా లెక్కన 24 చొప్పున తీసి ఉంటే 72 అంకె చక్కగా సరిపోయేది.

120ని ముప్ఫైతో భాగిస్తే నాలుగు, శేషం లేదు, కానీ కట్టే స్తోమత లేదు. 72కి స్తోమత ఉంది, లెక్క కుదరదు. మిగిలింది 90. మూడు ముప్ఫైలు తొంభై. చేతులు వణుకుతూనే 90 పెట్టాను. మా వాడు అరుగు దాటి నట్టింట్లోకి నడిచాడు. గుమ్మం గుమ్మంలాగే మెల్లగా పక్కకి జరిగింది. రాత్రి పదకొండున్నరకి మా శ్రీమతిని నిద్ర లేపి మరీ చూపించాను. "బాగానే ఉంది గానీ, నడుస్తుంటే కొంచెం తూలుతున్నట్టుంది" అంది.

ఆ మాటా నిజమే. లెక్కలన్నీ సరిచేశాక కూడా ఒక తేడా మిగిలింది. కన్ను నడుస్తోందంటుంది, ఒళ్ళు కూర్చున్నానంటుంది. దీనికి ఏ సెట్టింగూ లేదు. మా వాడికి చెబితే, నడిచిన ముక్కలన్నీ కత్తిరించి, నిలబడి తీసినవి మాత్రం ఒకదాని పక్కన ఒకటి అతికి పంపాడు. పన్నెండు నిమిషాలు ఏడయ్యాయి.

ఇక అమ్మని ఒప్పించాలి. "నాకొద్దు బాబూ, మళ్ళీ మంచం పాడు చేస్తాను" అంది. మూడు రోజులు బతిమాలాను. నాలుగో రోజు పొద్దున్నే, కడుపు మరీ నిండుగా లేనప్పుడు, చేతుల కుర్చీలో కూర్చోబెట్టి, పాదాలు నేలకి ఆన్చి, ఫాను మొహానికి తగిలేటట్టు పెట్టాను. కళ్ళజోడు అద్దాలు ఒత్తుకోకుండా పట్టీ సరిచేశాను. "ఏ మాత్రం వికారంగా ఉన్నా కళ్ళు మూసుకో, తీసేస్తాను" అన్నాను.

ఏడు నిమిషాలూ చూసింది. తల మెల్లగా తిప్పుతూ, మధ్యమధ్య ఎవరితోనో మాట్లాడుతున్నట్టు పెదవులు కదిలించింది. "నేనేంటి అటక మీద కూర్చున్నట్టున్నాను?" అని ఒకసారి అడిగింది. మా వాడు ఆరడుగుల వాడు, కెమేరా వాడి తల మీదుగా ఉంది మరి. నుయ్యి వచ్చేసరికి, "గిలక తీసేశారా" అంది. మళ్ళీ నట్టిల్లు కనిపించినప్పుడు చెయ్యి ముందుకు చాచింది.

"ఆ తలుపు తియ్యి."

"ఏ తలుపమ్మా?"

"నట్టింట్లో ఎడం పక్క చిన్న గది. పురిటి గది. నువ్వు అక్కడే పుట్టావు."

నాకు యాభై ఆరేళ్ళు. ఆ ఇంటికి లెక్కలేనన్నిసార్లు వెళ్ళాను. ఆ గదిలో కొబ్బరికాయలు పోసేవాళ్ళనే తెలుసు. మా వాడు వెళ్ళినప్పుడు ఆ తలుపు మూసే ఉంది. వాడు తియ్యలేదు.

ఇల్లు ఇంకా నిలబడే ఉంది. కెమేరా కొరియరులో తెప్పించుకుని, ఆదివారం పొద్దున్నే రైలెక్కాను. బావ తాళాలతో వచ్చాడు. ఆ తలుపు తియ్యడానికి ఇద్దరం భుజం పెట్టాల్సి వచ్చింది. మట్టి గోడ, చిన్న కిటికీ, ఒక మూల విరిగిన జాడీ. ఎత్తు పీట ఒకటి దొరికితే, దాని మీద కెమేరా పెట్టి, కుర్చీలో కూర్చున్న అమ్మ కళ్ళ ఎత్తుకి సరిచూసి, ముప్ఫై లెక్కనే అయిదు నిమిషాలు కదపకుండా తీశాను. కెమేరా నాలుగు దిక్కులా చూస్తుంది కదా, నేను బొమ్మలో పడకూడదని బయటికి వచ్చి గుమ్మం అవతల నిలబడ్డాను. మా బావ ఏమీ అడగలేదు.

అది చూసినప్పుడు అమ్మకి కళ్ళు తిరగలేదు. కిటికీ వైపు చాలాసేపు చూసి, "వాన కురుస్తూనే ఉంది ఆ రాత్రంతా" అంది. అంతకు మించి చెప్పలేదు. నేనూ అడగలేదు.

సంక్రాంతి వెళ్ళాక ఇల్లు పడగొట్టారు. ఫైలుకి రెండు కాపీలు తీశాను. ఒకటి హెడ్‌సెట్‌లో ఉంది. అమ్మ అడిగిన రోజున 90 మీద పెట్టి చూపిస్తాను. రెండోది చిన్న హార్డ్ డిస్కులో వేసి మా బ్రాంచిలో లాకరులో, అమ్మ గాజుల పక్కన పెట్టాను.