మోకాళ్ళు వంచే బండి

ఎత్తుకీ మన ఆడవాళ్ళకీ మొదటినుంచీ పేచీయే. అటకమీది ఆవకాయ జాడీ చేతికందదు. అందుకుందామని స్టూలెక్కితే ఆ స్టూలు సరిగ్గా అప్పుడే మూడుకాళ్ళమీద నిలబడుతుంది. పోనీ కాస్త పొడుగ్గా కనిపిద్దామని ఎత్తుమడమల చెప్పులు తొడిగితే పెళ్ళిపందిట్లో పెళ్ళికూతుర్ని చూడ్డం మానేసి తివాచీ అంచులు చూసుకుంటూ నడవాలి. ఎత్తు పెరిగితే ఎక్కడో ఒకచోట మూల్యం చెల్లించాలన్న సంగతి మనకెవరూ చెప్పనక్కర్లేదు. మగవాళ్ళకి మాత్రం, అందులోనూ కొత్తగా కారు కొన్నవాళ్ళకి, ఎవరో ఒకరు చెప్పాలి.

మా అక్కకొడుకు ఈమధ్య ఒక కారు కొన్నాడు. ధరెంతని అడిగితే అక్క, "ముందు నువ్వు కూర్చో, తర్వాత చెప్తా" అంది. బయటినుంచి చూస్తే కొండలూ వాగులూ దాటే జాతి. లోపల చూస్తే పెళ్ళివారి విడిదిల్లు. కంపెనీ పేరు మాత్రం చెప్పను, నా ప్రచారం వాళ్ళకి అక్కర్లేదు.

మొదటిరోజే మా అమ్మని ఎక్కించుకోవడానికి వచ్చాడు. అమ్మకి 78 ఏళ్ళు. మోకాళ్ళు రెండూ అరిగాయి. ఆ బండి గడప చూసి, "ఇదేమిట్రా నాయనా, మేడలా ఉంది! నిచ్చెన కూడా తెచ్చావా?" అంది. వాడు నవ్వి ఏదో మీట నొక్కాడు. బుస్సుమని చిన్న చప్పుడు. మావటి చెప్పగానే గుడి ఏనుగు మోకాళ్ళు వంచినట్టు బండి నెమ్మదిగా కిందికి వంగింది. అమ్మ చీరకుచ్చెళ్ళు కాస్త ఎత్తిపట్టుకుని దర్జాగా ఎక్కి కూర్చుంది. "పెద్దవాళ్ళకి వంగడం తెలిసిన బండి. మీకంటే నయం" అంది.

ఆ విద్యని ఎయిర్ సస్పెన్షన్ అంటారుట. మామూలు బండికి చక్రం దగ్గర ఇనుప స్ప్రింగు ఉన్నచోట దీనికి గట్టి రబ్బరు తిత్తి ఉంటుంది. తిత్తిలోకి గాలి కొట్టే యంత్రం ఒకటి, ఆ గాలి దాచుకునే డబ్బా ఒకటి. ఏ మూల ఎంత ఎత్తున ఉందో కనిపెట్టి చెప్పే పరికరం నాలుగు మూలలా ఉంటుంది. గాలి నింపితే బండి లేస్తుంది, వదిలితే దిగుతుంది. వెనక సామానంతా కుక్కినా తోక వాలిపోకుండా ఆ మూలకి మరికాస్త గాలి తనే పంపుకుంటుంది.

విద్య కొత్తదేం కాదు. 1950ల్లోనే అమెరికాలో దూరప్రయాణాల బస్సులకి గాలి తిత్తులు పెట్టారు. అడవుల్లోనూ తిరగాలి, దొరబాబుల్లానూ ఉండాలి అన్న బండ్లలో పేరుమోసిన రేంజ్ రోవర్ 1970లో ఇంగ్లండులో పుట్టినప్పుడు దానికి ఉన్నవి ఇనుప స్ప్రింగులే. 1992లో గాలి తిత్తులొచ్చాయి. 2008లో ఆ కంపెనీని మన టాటావాళ్ళు కొన్నారు. వాళ్ళదే 2020లో వచ్చిన కొత్త డిఫెండర్ సంగతి చూడండి. ఎక్కేటప్పుడు 50 మిల్లీమీటర్లు దిగుతుంది. రాళ్ళదారిలో మామూలుకంటే 75 మిల్లీమీటర్లు లేస్తుంది. అలా లేచినప్పుడు దాని పొట్టకీ నేలకీ మధ్య 291 మిల్లీమీటర్ల ఖాళీ. 900 మిల్లీమీటర్ల లోతు నీళ్ళలోంచి నడిచిపోగలదు. అంటే మన నడుం లోతన్నమాట.

ఇంతవరకూ అంతా బాగానే ఉంది. మొక్కు తీర్చుకోవడానికి శ్రీశైలం బయల్దేరాం. ముందు వాడూ అక్కా, వెనక అమ్మా నేనూ. నా ఒళ్ళో పులిహోర డబ్బా. ఊరు దాటాక కాఫీకి ఆగినచోట పదిమంది బండి చుట్టూ చేరారు. అంతే, మావాడు మీట నొక్కి బండిని దాని పూర్తి ఎత్తుకి లేపాడు. మళ్ళీ దించలేదు. "చూడు పిన్నీ, లారీవాళ్ళ కళ్ళల్లో కళ్ళు పెట్టి చూడచ్చు" అన్నాడు. లారీవాళ్ళ కళ్ళల్లోకి చూడాలని నాకెప్పుడూ అనిపించలేదు. అయినా ఊరుకున్నాను.

వేగం పెరిగినప్పుడు బండి తనంతట తనే కిందికి దిగింది. అది దాని తెలివి. వేగంలో ఎత్తుగా ఉంటే కిందినుంచి గాలి దూరి అడ్డుపడుతుంది, బండికి నిలకడ తగ్గుతుంది. అందుకే ఈ జాతి బండ్లు పెద్ద రోడ్డుమీద మామూలుకంటే కూడా కాస్త తగ్గి పరిగెడతాయి. మన్ననూరు దాటి నల్లమలలోకి రాగానే దారి మందగించింది. వాడు మళ్ళీ మీట నొక్కాడు. బండి మళ్ళీ లేచింది.

అసలు కథ ఈగలపెంట దాటాక, కృష్ణ దగ్గరికి దిగే మలుపుల్లో మొదలైంది. ప్రతి మలుపుకీ ముందు బండి తిరుగుతోంది, ఆ తర్వాత మేం తిరుగుతున్నాం. కుడికి తిప్పితే ఎడమకి ఒరుగుతోంది. సర్దుకునేలోపల రెండో మలుపు. గాలిమీద తేలే బండి మెత్తగా ఉండాలి కదా, చిన్న గతుక్కి కూడా దభీమని కుదుపు. అమ్మ పైనున్న పిడి పట్టుకుని కళ్ళు మూసుకుంది. పెదవులు కదుల్తున్నాయి. అది మొక్కో, మనవడికి తిట్లో తెలియలేదు.

ఒక మలుపులో ఎదురుగా బస్సు వచ్చింది. వాడు స్టీరింగు ఒక్కసారి ఎడమకి లాగి వెంటనే కుడికి తిప్పాడు. బండి ఒకపక్కకి ఒరిగి, ఆ ఒరుగు తీరకముందే రెండోపక్కకి ఊగింది. నా పక్కన గోడ, అమ్మ పక్కన లోయ. ఒక్క క్షణమే. బస్సు వెళ్ళిపోయింది. కార్లో ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి అమ్మ కళ్ళు తెరవకుండానే, "నాయనా, తిరుగుప్రయాణం నేను బస్సులో వస్తాను" అంది.

వాడి మొహం చూస్తే జాలేసింది. పక్కకి తీసి ఆపి, మీట నొక్కి మామూలు ఎత్తుకి దించాడు. తర్వాత మలుపులూ అవే, చెయ్యీ అదే, వేగమూ దాదాపు అంతే. బండి మాత్రం చెప్పినమాట విన్నట్టు తిరిగింది. పది నిమిషాల్లో అమ్మ నిద్రపోయింది. తిరిగొచ్చేటప్పుడు బస్సు మాటే ఎత్తలేదు.

ఇదంతా ఎందుకైందో మనకి బిందెతో తెలుస్తుంది. నిండు బిందె చంకలో పెట్టుకుంటే చటుక్కున పక్కకి తిరగచ్చు. నెత్తిన పెట్టుకుంటే ఒళ్ళంతా ఆచితూచి తిప్పాలి. బరువు అదే, ఎత్తు మారిందంతే. హైస్కూల్లో గరిమనాభి అని బట్టీపట్టామే, అది. అది పైకి వెళ్ళినకొద్దీ మలుపులో బరువంతా బయటివైపు చక్రాలమీదికి ఒరుగుతుంది. లోపలివైపు చక్రాలు తేలికపడి నేలమీద పట్టు వదుల్తాయి.

దీనికి లెక్క కూడా ఉంది. బండి తిరగబడే ప్రమాదాన్ని అంచనా కట్టడానికి అమెరికా ప్రభుత్వం 2001లో ఈ లెక్క వాడడం మొదలుపెట్టింది. ఎడమ చక్రానికీ కుడి చక్రానికీ మధ్య దూరంలో సగాన్ని గరిమనాభి ఎత్తుతో భాగించాలి. ఎంత ఎక్కువొస్తే అంత నిలకడ. మామూలు కార్లకి 1.3 నుంచి 1.5 దాకా వస్తుంది. ఎత్తుబండ్లకి 1 నుంచి 1.3. ఉదాహరణకి చక్రాల మధ్య దూరం 1700 మిల్లీమీటర్లు, గరిమనాభి ఎత్తు 750 అనుకుందాం. 850ని 750తో భాగిస్తే 1.13. బండి ఒళ్ళు 75 మిల్లీమీటర్లు లేపితే, చక్రాలూ ఇరుసులూ నేలనే ఉంటాయి కాబట్టి, గరిమనాభి సుమారు 60 లేస్తుందనుకోండి. అప్పుడు లెక్క 1.05కి పడిపోతుంది. నాలుగు వేళ్ళ ఎత్తుకి అంత తేడా!

మరి కుదుపులెందుకు? కాళ్ళు బిగదీసి మునివేళ్ళమీద నిలబడి మెట్టు దిగి చూడండి, తెలుస్తుంది. పూర్తిగా లేచిన బండి చక్రం అప్పటికే చాలామటుకు కిందికి చాచుకుని ఉంటుంది. గుంత వస్తే ఇంకా దిగడానికి చోటు మిగలదు. అందుకే రాళ్ళదారిలో కూడా ఉన్న ఎత్తంతా వాడేస్తే ఒక చక్రం గాల్లో వేలాడుతుంది. పొట్టకి రాయి తగలనంత ఎత్తు చాలు, మిగతాది నెమ్మదితనం చూసుకోవాలి.

మావాడు తర్వాత ఒకమాటన్నాడు. "వేగం పెరిగితే అదే దిగుతుంది కదా పిన్నీ, దిగలేదంటే ఫరవాలేదనుకున్నాను." తప్పు బండిది కాదు. దానికి వేగం తెలుసు. ఘాట్‌రోడ్డుమీద నలభైలో పోతుంటే, పాపం, రాళ్ళబాటలో కష్టపడుతున్నాడు కాబోలు అనుకుని, పైకి లేపినవాడి మాట మన్నించి అలాగే ఉంటుంది. ముందున్న మలుపు సంగతీ, ఎదురొచ్చే బస్సు సంగతీ, వెనక కూర్చున్న అమ్మమ్మ సంగతీ దానికేం తెలుసు? అవి తెలియాల్సింది మీట దగ్గరున్న చేతికి.

కాబట్టి మీ ఇంట్లో కొడుకో అల్లుడో అలాంటి బండి కొంటే మూడు ముక్కలు చెప్పి ఉంచండి. పెద్దవాళ్ళు ఎక్కేటప్పుడు కిందికి. రాళ్ళలో, వాగుల్లో, నెమ్మదిగా పోతూ పైకి. మలుపుల దారిలో మామూలుగా. ఇంత చెప్పినా వినకపోతే మూతలేని గిన్నెలో సాంబారు నింపి వాడి పక్కసీట్లో పెట్టండి. ఆ సీటు తోలు ఖరీదు గుర్తొస్తే మీట దానంతటదే నొక్కుకుంటుంది.