ముందు డెక్, మెరుపు తర్వాత

అమెరికా తూర్పు తీరంలో పాత ఫైబర్‌గ్లాస్ తెరచాప పడవలు చవగ్గా దొరుకుతాయి. కొనేవాళ్ల చూపు ముందు హల్ మీదికే, అంటే పడవ ఒంటి మీదికే పోతుంది. రంగు వెలిసి సుద్దలా చేతికంటితే పడవ పని అయిపోయిందనుకుంటారు, తళతళలాడితే బాగుందనుకుంటారు. పడవ ఆయుష్షును తేల్చేది దాని పైకప్పు అయిన డెక్ అని, శ్రమైనా డబ్బైనా ముందు అక్కడే పెట్టాలని నా వాదన. పియర్సన్ ట్రైటన్‌నే తీసుకోండి. కార్ల్ ఆల్బర్గ్ రూపొందించిన ఈ 28 అడుగుల పడవ 1959 న్యూయార్క్ బోట్ షోలో జనం ముందుకొచ్చింది. దాని హల్ అంతా మందపాటి ఫైబర్‌గ్లాసే. ఎండకు పాడయ్యేది పైనున్న పలచటి పూత, జెల్‌కోట్. రుద్ది మైనం పట్టించవచ్చు, మరీ అరిగితే రంగు వేయవచ్చు. డెక్ అలా కాదు. రెండు పలచటి ఫైబర్ పొరల మధ్య బాల్సా చెక్క ఉంటుంది. ఆ పొరలు చెక్కను అంటిపెట్టుకున్నంత కాలమే దానికి బిగువు. రెయిలింగ్ కడ్డీలకు, తాళ్లు కట్టే క్లీట్లకు వేసిన బోల్టులన్నీ ఆ చెక్కలోంచే దిగుతాయి. బోల్టుల చుట్టూ పూసిన సీలెంట్ ఎండి పగిలిందా, వాననీరు లోపలికి చేరుతుంది, ఇక బయటికి రాదు. చెక్క కుళ్లి పొరలు విడిపోతాయి. ఉప్పాడ, కాకినాడ తీరాల చెక్క పడవల్లో పుచ్చు చాలావరకు కంటికి కనబడుతుంది. ఈ డెక్‌లో పైన నున్నగా ఉండగానే లోపలి చెక్క మట్టిలా మారుతుంది. ప్లాస్టిక్ సుత్తితో అంగుళం అంగుళం తట్టి వినాల్సిందే.

నీళ్లను ఆపేది హల్ కదా, దాన్ని వదిలేస్తారా అని అడగవచ్చు. హల్‌కున్న రంధ్రాలు, వాటి కవాటాలు ముందే చూసుకోవాలి, అందులో రాజీ లేదు. కానీ హల్ మీద లేచే, అందరూ భయపడే పొక్కుల వల్ల పడవ మునగడం చాలా అరుదు. అరగదీసి, బాగా ఆరనిచ్చి, ఎపాక్సీ పూతలు వేస్తే చాలు. ట్రైటన్‌లో తెరచాప స్తంభం నిలబడేది డెక్ మీదే. కింద ఆధారం మెత్తబడితే తెరచాప ఎత్తడమే ప్రమాదం. మరి పైనుంచి చిన్న రంధ్రాలు చేసి ఎపాక్సీ పోస్తే సరిపోదా? తడిచెక్క ఎపాక్సీని పట్టదు. ఖాళీలు నిండుతాయి, తేమ లోపలే బందీ అవుతుంది. పైపొర కోసి, కుళ్లింది తీసి, ఆరబెట్టి, కొత్త చెక్క అతికించి, అంచులను వాలుగా అరగదీసి మళ్లీ ఫైబర్ పొరలు వేయాలి. అరగదీసేటప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తులకు చేటు, మాస్కు లేకుండా ముట్టుకోకూడదు. తర్వాత బోల్టు రంధ్రాలను పెద్దవి చేసి, చిక్కటి ఎపాక్సీ నింపి, గట్టిపడ్డాక మళ్లీ తొలచాలి. అప్పుడు సీలెంట్ పోయినా నీటికి చెక్క అందదు. చాలామంది దాటేసే ఈ చిన్న పనే మరమ్మతు ఎన్నేళ్లు నిలుస్తుందో నిర్ణయిస్తుందని నమ్ముతాను.

ఇంత కష్టం పడవ ధరను మించదా? తరచూ మించుతుంది. డెక్ మొత్తం కుళ్లి, ఇంజిన్ కూడా పోయిన పడవను ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దంటాను. కానీ ఫైబర్‌గ్లాస్ మట్టిలో కలవదు, కరిగించి మళ్లీ పోయడానికీ వీలుకాదు. పారేసిన పడవల్లో ఎక్కువ భాగం చేరేది చెత్త గుట్టలకే. డెక్ నాలుగైదు చోట్ల మాత్రమే మెత్తబడి, హల్ గట్టిగా ఉన్న పడవను అక్కడికి పంపడం నాకు సమ్మతం కాదు.