ఏడో నంబరు చొక్కా

సిడ్నీ మహానగరానికి పశ్చిమాన, నెపియన్ నది ఒడ్డున పెన్రిత్ పట్టణం ఉంది. రగ్బీ లీగ్ ఆ ప్రాంతానికి ఇంటి ఆట. పరిసరాల్లోని చిన్న క్లబ్బులలో వేలమంది పిల్లలు కోడిగుడ్డు ఆకారపు బంతిని చంకన పెట్టుకొని పరుగెత్తుతుంటారు. వారిలోనుండి పెన్రిత్ పాంథర్స్ జట్టు ఎంతో ఓర్పుతో వెదకి తీసుకొనేది హాఫ్‌బ్యాక్‌ను.

జట్టుకు పదమూడుమంది ఆడే ఈ ఆటలో, కబడ్డీలో కూతగాడిని పట్టినట్లు, బంతి ఉన్నవాడిని ఆరుసార్లు పట్టి నిలిపితే బంతి ఎదుటివారి వశమవుతుంది. ఆలోగా దానిని ఎవరికి అందించాలో, ఎప్పుడు కాలితో తన్ని దూరం పంపాలో నిర్ణయించేవాడు ఏడో నంబరు చొక్కా తొడిగిన హాఫ్‌బ్యాక్. అతనికి తోడు ఆరో నంబరువాడైన ఫైవ్ ఎయిత్. కండబలం వ్యాయామశాలలో పెరుగుతుంది. వేగాన్ని గడియారంతో కొలవవచ్చు. ఎదుటి వరుసలో సందు ఎక్కడ ఏర్పడబోతున్నదో క్షణం ముందుగా పసిగట్టే చూపు మాత్రం పొరపాట్లు చేస్తేగాని అలవడదు. పందొమ్మిదేళ్లలోపు వారు ఆడే ఎస్.జి. బాల్ కప్ వంటి పోటీలలో కుర్రవాడికి ఆ పొరపాట్లు చేసే అవకాశమివ్వడమే శిక్షకుడి అసలు పని. అది చెప్పినంత సులభం కాదు. ఓడిన మరునాడు అందరూ నిలదీసేది శిక్షకుణ్ణే.

నేథన్ క్లియరీ 2016లో పద్దెనిమిదేళ్ల ప్రాయంలోనే పెద్దల జట్టులో అడుగుపెట్టాడు. తండ్రి ఐవన్ క్లియరీ అంతకు ముందు సంవత్సరమే శిక్షక పదవిని కోల్పోయాడు కనుక ఆ అవకాశం తండ్రి చలువ కాదు. 2019లో తండ్రి తిరిగి వచ్చాడు. 2020 అంతిమ పోటీలో నేథన్ విసిరిన బంతిని మెల్‌బోర్న్ ఆటగాడు మధ్యలో అందుకొని మైదానం పొడవునా పరుగెత్తి పాయింట్లు సాధించాడు. పెన్రిత్ 26-20తో ఓడింది. మరుసటి సంవత్సరం ఏడో నంబరు చొక్కా మళ్లీ నేథన్‌కే దక్కింది. 2021 అంతిమ పోటీలో సౌత్ సిడ్నీ ఫైవ్ ఎయిత్ విసిరిన అటువంటి బంతినే పెన్రిత్ యువకుడు స్టీఫెన్ క్రైటన్ అందుకొన్నాడు. పెన్రిత్ 14-12తో గెలిచింది. ఉత్తమ ఆటగాడి పతకం నేథన్‌ను వరించింది. 2023లో బ్రిస్బేన్ 24-8తో ముందున్న వేళ, భుజం దెబ్బతిని జరోమ్ లూవై మైదానం విడిచాడు. చివరి ఇరవై నిమిషాలలో నేథన్ జట్టును 26-24తో గట్టెక్కించాడు.

లూవై కథ వేరు. నేథన్‌తో కలిసి కుర్రజట్లలో ఆడిన ఇతడు 2018లో పెద్దల జట్టులోకి వచ్చినా, ఆరో నంబరు అనుభవజ్ఞుడైన జేమ్స్ మలోనీది. రెండేళ్లు ఎదురుచూడవలసి వచ్చింది. నిరీక్షణలో ఎందరో కుర్రవాళ్లు విసిగి వేరే జట్లకు వెళ్లిపోతారు. లూవై నిలిచాడు. 2020లో ఆ చొక్కా అతనికి దక్కింది. 2021 నుండి 2024 వరకు వరుసగా నాలుగుసార్లు పెన్రిత్ విజేత అయింది.

అయితే ఆటగాళ్లకిచ్చే జీతాల మొత్తానికి అక్కడ లీగ్ ఒక పరిమితి విధించింది. పెంచిన పిల్లలు పేరు తెచ్చుకొన్నకొద్దీ అందరినీ నిలుపుకోవడం పెంచిన క్లబ్బుకే అసాధ్యమవుతుంది. 2025లో లూవై వెస్ట్స్ టైగర్స్‌కు వెళ్లిపోయాడు. ఆ సంవత్సరం పెన్రిత్‌లో ఆరో నంబరు చొక్కా తొడిగినవారిలో బ్లేజ్ టలాగి ఒకడు. అతడు అంతకు ముందు ఏడాది పొరుగు జట్టయిన పారమట్టాలో తొలి ఆట ఆడిన కుర్రవాడు.