ఏ ఊరి గోడ ఆ ఊరిదే

ఎండాకాలం సెలవులొస్తే అమెరికా కాలేజీ విద్యార్థులు నలుగురైదుగురు కలిసి, పెట్రోలు ఖర్చు పంచుకుని, కారులో బేస్‌బాల్ మైదానాలు చుట్టి వస్తుంటారు. వెళ్లడం మంచిదే. తిరిగొచ్చి రాసేదే చిరాకు తెప్పిస్తుంది. టికెట్ ఎంత, హాట్‌డాగ్ ఎంత, పార్కింగ్‌కి ఎంత గుంజారు, చివరికి ఎవరు గెలిచారు. మేజర్ లీగ్‌లో 30 జట్లున్నాయి. 30 మైదానాల మీదా అదే వ్యాసమా?

బేసుకీ బేసుకీ మధ్య 90 అడుగులు. బంతి విసిరేవాడి నుంచి బ్యాటరు నిలబడే హోమ్ ప్లేటుకి 60 అడుగుల 6 అంగుళాలు. ఎక్కడికెళ్లినా ఈ కొలతలు మారవు. మైదానం అవతలి అంచున ఉండే గోడ మాత్రం ఏ ఊరిది ఆ ఊరిదే. క్రికెట్‌లో బౌండరీ తాడు నాలుగడుగులు జరుపుకోవచ్చు. గోడ అంత తేలిగ్గా జరగదు.

బోస్టన్‌లోని ఫెన్‌వే పార్కునే చూడండి. ఎడమవైపు లాన్స్‌డౌన్ వీధి అడ్డొచ్చింది, మైదానం అక్కడే ఆగిపోయింది. హోమ్ ప్లేటు నుంచి ఆ మూల స్తంభం దాకా 310 అడుగులే. అందుకే అక్కడ 37 అడుగుల పచ్చటి గోడ. ఇంకో ఊళ్లో తేలిగ్గా చేతికి చిక్కే బంతి ఇక్కడ గోడకి తగిలి రెండో బేసు తెచ్చిపెడుతుంది. గోడ దాటి హోమ్‌రన్ కావాల్సిన దెబ్బ మాత్రం గోడకి కొట్టుకుని ఒక్కోసారి ఒక్క బేసుతో సరి! గోడ అడుగున స్కోరుబోర్డు. లోపల మనుషులుండి అంకెల పలకలు చేత్తో మారుస్తారు. ఆ బోర్డు మీద నిలువునా తెల్లటి చుక్కలూ గీతలూ కనిపిస్తాయి. పాత యజమాని టామ్ యాకీ, ఆయన భార్య జీన్ పేర్ల పొడి అక్షరాలవి, మోర్స్ కోడ్‌లో. అవి చూడకుండా వచ్చినవాళ్లు ఫెన్‌వే చూడనట్టే.

షికాగో రిగ్లీ ఫీల్డ్ గోడకి 1937లో తీగలు పాకించారు. బంతి ఆకుల్లో ఇరుక్కుంటే ఫీల్డరు రెండు చేతులూ పైకెత్తాలి, అప్పుడు అంపైరు రెండు బేసులిస్తాడు. చెయ్యి పెట్టి వెతికాడా, ఆట సాగుతున్నట్టే లెక్క.

మైదానం గురించి ఎలా రాయాలో తెలియాలంటే రచయిత జాన్ అప్‌డైక్‌ని చదవాలి. 1960 సెప్టెంబరు 28న ఫెన్‌వేలో బోస్టన్ ఆటగాడు టెడ్ విలియమ్స్ ఆఖరి ఆట చూసి 'న్యూయార్కర్' పత్రికకి రాశాడు. వచ్చిన జనం 10,454 మంది. విలియమ్స్ చివరి దెబ్బ హోమ్‌రన్. ప్రేక్షకులు ఎంత అరిచినా టోపీ తీయలేదు. ఒక్క మైదానం, ఒక్క మధ్యాహ్నం. అరవై ఏళ్లు దాటినా ఆ వ్యాసం చదువుతూనే ఉన్నారు.

విద్యార్థుల జాబితాల్లోకి రాని మైదానం ఒకటుంది, డెట్రాయిట్‌లోని టైగర్ స్టేడియం. ఫెన్‌వే తెరిచిన రోజే, 1912 ఏప్రిల్ 20న, దీన్నీ తెరిచారు. సెంటర్ ఫీల్డ్ గోడ 440 అడుగుల దూరం. జెండా కర్ర గోడకి ఇవతల, ఆట జరిగేచోటే ఉండేది. 1999లో మేజర్ లీగ్ జట్టు అక్కణ్ణుంచి వెళ్లిపోయింది, 2009కల్లా కట్టడం మొత్తం నేలమట్టం. కలుపు మొలిచింది. అప్పుడు ఊరివాళ్లే కొందరు సొంత యంత్రాలు తెచ్చి, పైసా తీసుకోకుండా, ఏళ్ల తరబడి ఆ గడ్డి కోశారు. జట్టు లేదు, గోడా లేదు, అయినా కోశారు. 2018లో అక్కడ పిల్లల మైదానం తెరిచి కృత్రిమ గడ్డి పరిచారు. పరచకుండా ఉండాల్సింది. జెండా కర్ర పాతచోటే ఉంది.

మిషిగన్, ట్రంబుల్ అవెన్యూల కూడలి అది. వచ్చే సెలవుల్లో అటు వెళ్లేవాళ్లు కారాపి దిగండి, ఆ గడ్డి కోసినవాళ్ల గురించి రాయండి.